మడమతో మూడు దెబ్బలు

హాగెన్ పొలంలో ట్రైలర్లు నిలుపుకునే చోటుంది చూశారూ, అక్కడ ఎవర్ని అడిగినా ఇదే చెబుతారు. ఏ నంబరైనా తీసుకోండి గానీ ఏడు మాత్రం వద్దంటారు. నూనె బావుల మీద పని దొరికి, నవంబరు చలి ముంచుకొచ్చి, తల దాచుకోవడానికి ఇంకెక్కడా గతి లేనివాడే ఏడో నంబరు తాళంచెవి అడిగేవాడు. వాడైనా రెండు వారాలకి మించి ఉండేవాడు కాదు.

కారణం నేల కింద చప్పుడు.

ఠంగ్... ఠంగ్... ఠంగ్. కాస్త ఆగి — ఠంగ్ ఠంగ్.

మూడూ, రెండూ. ఇనుము మీద ఇనుము.

ఇప్పుడు చెప్పబోయే కథకి మూడేళ్ల ముందు ఆ ట్రైలర్లో డ్వైట్, లైల్ అని ఇద్దరుండేవాళ్లు. ఒకే చోట పని, ఒకే పొయ్యి మీద వంట. డిసెంబరులో మంచు తుఫానొచ్చి రోడ్డు మూసుకుపోయింది. మిగిలింది ఒక్క గ్యాస్ సిలిండరు. హీటరు ఎంత సన్నగా పెట్టాలన్న దాని మీద మాటామాటా పెరిగింది. లైల్ టైరు విప్పే ఇనప కడ్డీ అందుకున్నాడు. మొదటి దెబ్బకి డ్వైట్ దవడ విరిగి వేలాడింది. తరవాతవన్నీ నడుం మీద పడ్డాయి. చెయ్యి నొప్పెట్టేదాకా కొట్టి, చచ్చాడనుకుని, ఈడ్చుకెళ్లి ట్రైలర్ కిందకి తోసేశాడు.

ఇక్కడ మేమంతా చలికాలం ట్రైలర్ చుట్టూ నేల దాకా గడ్డి మోపులు పేర్చుకుంటాం, కింద నుంచి గాలి దూరకుండా. వాటి మీదకి మంచు తోయించుకుంటే లోపల ఇంకాస్త వెచ్చగా ఉంటుంది. లైల్ ఆ గడ్డి మోపులు మళ్లీ ఎలా ఉన్నవి అలా పేర్చేశాడు. మిగతాది మంచు చూసుకుంది.

కానీ డ్వైట్ చావలేదు. దవడ లేదు కాబట్టి అరవలేడు. నడుం లేదు కాబట్టి గడ్డి మోపులు తోసుకుని బయటికి రాలేడు. బెల్టు ఊడదీసి, దాని బకిల్‌తో నెత్తి మీదున్న ఇనప చట్రాన్ని కొట్టాడు. రెండు రోజులు కొట్టాడంటారు. విన్నవాళ్లు విన్నారు, చలికి ఇనుము ముడుచుకుంటోందిలే అనుకున్నారు. ఏప్రిల్లో హాగెన్ ముసలమ్మ ఆ గడ్డి తీయించేసరికి అతనక్కడే ఉన్నాడు. బకిల్ ఇంకా పిడికిట్లోనే ఉంది.

లైల్ జైలుకెళ్లాడు. చప్పుడు మాత్రం పోలేదు. మరుసటి చలికాలం మొదలవగానే మళ్లీ వచ్చింది. దానికో మందు కూడా పుట్టింది. చప్పుడు రాగానే మడమతో నేల మీద మూడుసార్లు గట్టిగా తన్నాలి. తంతే ఆగిపోతుంది, ఒక గంటసేపో, తెల్లారేదాకానో. ఈ మందు ఎవరు కనిపెట్టారని ఎవరూ అడగలేదు. పనిచేస్తోంది, ఇంకేం కావాలి?

ట్రూడీ ఏడో నంబరు తీసుకుంది.

నలభై ఆరేళ్ల మనిషి. బావుల దగ్గరి కుర్రాళ్లకి వండిపెట్టే క్యాంటీన్లో పని. పొద్దున్న మూడింటికి లేచి రెండొందల గుడ్లు పగలగొట్టే ఆడది దెయ్యాలకేం భయపడుతుంది? తమ్ముడు వెండెల్‌ని వెంటేసుకుని ఇడాహో నుంచి వచ్చింది. వాడికి ముప్ఫై ఎనిమిది. వెల్డింగ్ పనివాడు, మంచి చెయ్యి. తాగనప్పుడు.

మొదటి రోజే పక్కనున్న ఎనిమిదో నంబరు నుంచి బక్ వచ్చాడు. అరవై దాటిన మనిషి, మోకాళ్లు అరిగిపోయి ఊగుతూ నడుస్తాడు. చేతిలో వేడి సూపు గిన్నె.

"చప్పుడొస్తే ఏం చెయ్యాలో చెప్పారామ్మా?" అన్నాడు.

"తన్నాలటగా."

"మూడుసార్లు. వేళ్లతో కాదు, మడమతో." తనే తన్ని చూపించాడు. తన్నాక ఎందుకో ఒక్క క్షణం నేల వైపే చూశాడు. తరవాత టోపీ సర్దుకుని వెళ్లిపోయాడు.

ఆ రాత్రే వచ్చింది చప్పుడు. ట్రూడీ మంచం దిగి మూడు తన్నులు తన్నింది. ఆగింది. "ఈ మాత్రం దానికా ఇంత గోల" అని మళ్లీ పడుకుంది. వెండెల్ మాత్రం దుప్పటి ముసుగులోంచి, "అక్కా, ఏం పాపం చేశాడని తంతున్నావు వాణ్ణి?" అన్నాడు. వాడు అంతే, తాగినా తాగకపోయినా మనసు మెత్తన.

నవంబరు పోయి డిసెంబరు వచ్చింది. అసలు చలి అప్పుడు మొదలైంది. మన ఊపిరే కిటికీ అద్దాల మీద మంచయి పేరుకునేది. పొద్దున లేస్తే తలగడ గోడకి అతుక్కుపోయి ఉండేది, ఓసారి ట్రూడీ జుట్టు కూడా అతుక్కుంటే వెండెల్ గోరువెచ్చని నీళ్లు పోసి విడదీశాడు. తలుపు చుట్టూ ఐసు పట్టేస్తే భుజంతో గుద్ది తీసుకోవాలి. ఇవన్నీ అలవాటే. నీళ్లు గడ్డకట్టుకుపోవడం ఒక్కటే ప్రాణం తీసేది.

ట్రైలర్ కింద నీళ్ల గొట్టానికి హీటు తీగ చుట్టాలి. కరెంటు పెడితే సన్నగా వేడెక్కి, గొట్టంలో నీళ్లు కరుగుతాయి. ట్రూడీ ఆ తీగ కొనుక్కొచ్చి, సంచిలో పెట్టి, తలుపు పక్కన మేకుకి తగిలించింది. చుట్టాల్సింది వెండెల్. నవంబరు చివర్లో వాడి పని పోయింది. పోయినప్పటి నుంచీ సీసా వాడికి, వాడు సీసాకి. తొమ్మిది రోజులుగా కుళాయి తెరిచే ఉంది, చుక్క రాలలేదు. కరిగితే తెలుస్తుందని అలా తెరిచే ఉంచుతాం ఇక్కడ.

ఆ రోజు నాలుగింటికే చీకటి దిగుతోంది. రేడియోలో తుఫానని చెబుతున్నారు. ట్రూడీ క్యాంటీన్ నుంచి రెండు బకెట్ల నీళ్లు మోసుకుంటూ వచ్చింది. మెట్టు మీద జారింది. ఒక బకెట్ ఆమె మీదే తిరగబడింది. తలుపు గుద్ది లోపలికొచ్చేలోపు ఫ్యాంటు చెక్కలా బిగుసుకుపోయింది.

లోపల వెండెల్ దుప్పటి కప్పుకుని గ్లాసు ముందు కూర్చున్నాడు.

"తీగ కొని ఎన్నాళ్లయింది?" అంది ట్రూడీ.

"చుడతాలే అక్కా. రేపు."

"రేపు తుఫాను."

"అయితే ఎల్లుండి."

ఆమె గ్లాసు తీసి సింకులో పారబోసింది. సీసా కూడా పారబోస్తుంటే వెండెల్ లేచి చెయ్యి పట్టుకున్నాడు. పెనుగులాటలో సీసా పగిలింది. వాడు తోశాడు, ఆమె వెనక్కి పోయి పొయ్యికి గుద్దుకుంది. పొయ్యి మీద ఇనప పెనం చేతికి దొరికింది. దొరికింది దొరికినట్టే తిప్పి కొట్టింది.

వాడి కనుబొమ్మ చీరుకుపోయింది. రక్తం కంట్లోకి దిగింది. వాడు మూలిగి, గుడ్డిగా చెయ్యి విసిరితే పిడికిలి ఆమె నోటి మీద తగిలింది, కింది పెదవి పళ్లకి కోసుకుంది. ఆమె రెండోసారి పెనం ఎత్తింది. ఈసారి భుజం మీద. మూడోసారీ ఎత్తింది. నాలుగడుగుల వెడల్పున్న జాగాలో ఇద్దరు పెద్దవాళ్లు కొట్టుకుంటే ట్రైలరంతా చక్రాల మీద ఊగింది. గోడ మీద అమ్మ ఫోటో ఊడి కింద పడింది. దాంతో ఇద్దరూ ఆగారు.

"పో" అంది ట్రూడీ. నోట్లోంచి రక్తం కారుతోంది. "నా కళ్ల ముందు ఉండకు. ఆ కింద ఒకడున్నాడుగా... వెళ్లి వాడి పక్కన పడుకుని చావు."

వెండెల్ చేతి వెనక భాగంతో కన్ను తుడుచుకున్నాడు. కోటు వేసుకున్నాడు. ఉన్ని చేతితొడుగులు వేసుకున్నాడు. మేకుకున్న సంచి తీసుకుని వెళ్లిపోయాడు. ట్రూడీ అటు తిరిగి నుంచుంది కాబట్టి సంచి తీయడం చప్పుడు బట్టి తెలిసింది. బట్టలు సర్దుకున్నాడనుకుంది. గడియ వేసేసింది.

ఎక్కడికి పోతాడు, పక్కన బక్ దగ్గరికే పోతాడు. పోనీ. ఓ రాత్రి అక్కడ పడుంటే బుద్ధొస్తుంది.

ఐదు దాటాక గాలి లేచింది. బయట హాగెన్ ముసలమ్మ ట్రాక్టర్ మోత వినబడింది. తుఫాను ముందు బక్ ఆ ట్రాక్టర్ మీద వచ్చి, అందరి ట్రైలర్లకీ చుట్టూ మంచు తోసిపెడతాడు. ప్రతిసారీ చేసేదే. ఏడో నంబరు పక్కన కూడా తోశాడు. గోడ అదిరింది, దీపం ఊగింది. మోత దూరమైపోయింది.

ట్రూడీ గాజుపెంకులు ఏరింది. అమ్మ ఫోటో మేకుకి తగిలించింది. పెదవి మీద గుడ్డ అదుముకుని కూర్చుంది. ఏడవలేదు. కోపం తగ్గకపోతే ఏడుపు రాదు ఆమెకి.

ఆరున్నరకి వచ్చింది చప్పుడు.

ఠంగ్... ఠంగ్... ఠంగ్.

ఠంగ్ ఠంగ్.

"నీకిప్పుడే దొరికిందా టైము" అని లేచి, మడమతో మూడు దెబ్బలు వేసింది. తమ్ముడి మీది కోపమంతా కూడా కలిపి వేసింది. నేల మీద గిన్నెలు ఎగిరిపడ్డాయి.

ఆగింది.

పావుగంటకి మళ్లీ. మళ్లీ తన్నింది. ఇంకో పావుగంటకి మళ్లీ. ఎప్పుడూ ఇన్నిసార్లు రాలేదు. ఒకసారి తంతే రాత్రంతా ఊరుకునేది ఇవాళ ఊరుకోవడం లేదు. బయట గాలి ట్రైలర్ని పట్టుకుని కుదిపేస్తోంది, కిటికీకి కొట్టిన ప్లాస్టిక్ ఉబ్బుతోంది, తగ్గుతోంది. అయిదోసారి తన్నినప్పుడు మడమ చిట్లి మేజోడులో తడి తగిలింది. రేడియో గట్టిగా పెట్టింది. రేడియోలోంచి కూడా వినబడుతోంది.

ఎనిమిదయింది. పాటకీ పాటకీ మధ్య రేడియో ఒక్క క్షణం ఆగింది.

టప్.

సింకులో ఒక చుక్క పడింది.

ట్రూడీ తల తిప్పి చూసింది. కుళాయి కొస దగ్గర ఇంకో చుక్క తయారవుతోంది. టప్. టప్... తరవాత సన్నటి ధార.

తొమ్మిది రోజుల తరవాత, బయట సున్నాకి ఇరవై డిగ్రీలు కిందనున్న చలిలో, నీళ్లు వాటంతటవే కరగవు. ఎవరో తీగ చుట్టాలి. ఎవరో కిందకెళ్లి చుట్టాలి.

మేకు వైపు చూసింది. లేనిది తీగ పెట్టిన సంచి. వంగి మంచం కింద చూసింది. వెండెల్ బట్టల సంచి అక్కడే ఉంది.

అప్పుడర్థమైంది ఆమెకి. వాడు పోలేదు. కంట్లో రక్తం పెట్టుకుని, నోరెత్తకుండా, అక్క చెప్పిన పని చెయ్యడానికి కిందకెళ్లాడు. ఐదింటికి బక్ మంచు తోసేశాడు. ఆరున్నర నుంచి వాడు కొడుతూనే ఉన్నాడు. తను తంతూనే ఉంది.

"వెండెల్!"

తలుపు ఐసు పట్టేసింది. భుజంతో రెండుసార్లు గుద్ది బయటపడింది. గాలి మొహాన్ని చాచి కొట్టింది. ట్రైలర్‌ని పట్టుకుని అవతలి వైపుకి వెళ్లింది. గడ్డి మోపు పక్కకి జరిపి కిందకి దూరే చోటు అక్కడే. ఇప్పుడక్కడ ఛాతీ ఎత్తు మంచు గోడ. ట్రాక్టర్ తొక్కి తోసిన మంచు, మూడు గంటల చలికి సిమెంటైపోయింది. పార వేసింది. అంగుళం దిగలేదు. కసిగా ఎత్తి కొడితే పార కర్ర మధ్యకి విరిగింది. చేతులతో గీకింది, గోళ్లు లేచిపోయాయి. అరిచింది. ఆ గాలిలో తన అరుపు తనకే వినబడలేదు.

లోపలికి వచ్చింది. మెట్ల మీద ఐసు కొట్టే చిన్న గొడ్డలి తలుపు మూల ఉంది. అది పట్టుకుని నేల మీద బోర్లా పడి చెవి ఆనించింది.

"ఎక్కడున్నావురా... కొట్టు. ఒక్కసారి కొట్టు."

ఠంగ్... ఠంగ్... ఠంగ్.

సింకు ముందు. సరిగ్గా సింకు ముందు. అక్కడ ఠంగ్ ఠంగ్ అని మళ్లీ కొట్టినట్టు ఆమె చెంప కింద నేల అదిరింది. అక్కడే గొడ్డలి దించింది.

పైనున్న ప్లాస్టిక్ షీటు చీలింది. దాని కింద ప్లైవుడ్. మోకాళ్ల మీద కూర్చుని, ఊపిరి బిగపట్టి, నరకడం కాదు, చంపుతున్నట్టు కొట్టింది. చెక్కపేళ్లు ఎగిరి మొహాన గుచ్చుకున్నాయి. పెదవి మళ్లీ పగిలి రక్తం గొడ్డలి పిడి మీద కారింది. చెయ్యి జారుతుంటే కొంగులా లాగి చొక్కా అంచుతో పట్టుకుంది.

ఆమె వెనకాల తలుపు బద్దలైనట్టు తెరుచుకుంది. బక్. ఆ చప్పుడుకి లేచి వచ్చాడు. చూసిందేమిటంటే మొహం నిండా రక్తంతో, జుట్టు విరబోసుకుని, ఒక ఆడమనిషి ఏడో నంబరు నేలని నరుకుతోంది.

"పట్టేసింది. దీన్ని కూడా పట్టేసింది" అంటూ వచ్చి వెనక నుంచి వాటేసుకున్నాడు.

ఆమెకి మాట చెప్పే ఓపిక లేదు. గొడ్డలి వెనక వైపుతో భుజం మీంచి కొట్టింది. బక్ భుజం ఎముక పటుక్కుమంది. అయినా వదల్లేదు. ఇద్దరూ కలిసి ఫ్రిజ్ మీద పడ్డారు. అతని చెయ్యి నోటికందితే కొరికేసింది, ఎముక తగిలేదాకా కొరికింది. బక్ ఆమెని గోడకేసి మోదాడు. అమ్మ ఫోటో మళ్లీ కింద పడింది.

"తమ్ముడు" అంది ట్రూడీ. "కింద నా తమ్ముడున్నాడు."

"వాడు కాదమ్మా అది. తన్ను. తంతే ఆగుతుంది."

"కుళాయి చూడు, బక్."

బక్ చూశాడు. ధార కారుతోంది. అతను కూడా ఇక్కడివాడే, అతనికి వేరే చెప్పక్కర్లేదు.

"ఐదింటికి..." అన్నాడు. "నేనే తోశాను. గాలికి ఏమీ కనబళ్లేదు. ఆ సందులోకే తోశాను."

బక్ తన ట్రైలర్ నుంచి పెద్ద గునపం తెచ్చాడు. ఒంటి చేత్తోనే మీద పడి ప్లైవుడ్ పెకలించాడు. ట్రూడీ కింద దట్టించిన దూదిలాంటిది గుప్పిళ్లతో లాగి పారేసింది. చివర్న నల్లటి షీటుంది, దాన్ని చీల్చింది. కన్నంలోంచి చల్లటి గాలి తన్నుకొచ్చింది. బక్ టార్చి వేశాడు.

కన్నానికి నేరుగా కింద వెండెల్ మొహం. కనుబొమ్మల మీద మంచు, చెంప మీద గడ్డకట్టిన రక్తం. కళ్లు తెరిచే ఉన్నాయి. రెప్ప కదిలింది.

వాడి కాళ్లు తొడల దాకా మంచు కింద ఇరుక్కున్నాయి. చేతులు రెండూ తల వెనక్కి చాచి ఉన్నాయి. నీళ్ల గొట్టం జాయింటు దగ్గర కారుతుంటే రెండు చేతులా బిగించాడు. ఆ నీళ్లు ఉన్ని తొడుగుల్లోకి దిగి, తొడుగులు ఇనప చట్రానికి అతుక్కుని, మొత్తం ఒకే ఐసు ముద్దయిపోయింది. వేళ్లెక్కడున్నాయో, ఇనుమెక్కడుందో కూడా తెలియడం లేదు.

ట్రూడీ కుళాయి నీళ్లు పట్టి పొయ్యి మీద గోరువెచ్చన చేసింది. వాడు కరిగించి ఇచ్చిన నీళ్లే. గిన్నె తరవాత గిన్నె పోస్తూ ఒక్కొక్క వేలూ విడదీసింది. కొన్నిచోట్ల తోలు ఇనుముకే ఉండిపోయింది. బక్ కన్నంలోకి తలకిందులుగా దిగి కాళ్ల మీది మంచు గునపంతో పగలగొట్టాడు. ముప్పావుగంట పట్టింది. ఇద్దరూ చెరో చంకా పట్టుకుని ఆ కన్నంలోంచే పైకి లాగారు. మంచం మీద పడుకోబెట్టి, ఉన్న దుప్పట్లన్నీ కప్పి, కన్నం మీద పరుపు అడ్డం వేశారు.

వాడు చాలాసేపు వణికాడు. వణుకు మొదలైతే బతికినట్టే అన్నాడు బక్. తరవాత ట్రూడీకి ఏడుపొచ్చింది. ఆపుకోలేదు.

"అన్నిసార్లు కొట్టావు కదరా. దెయ్యమనుకుని తన్నాను. నువ్వు కొట్టినప్పుడల్లా తన్నాను."

వెండెల్ కళ్లు తెరిచాడు.

"నేనేం కొట్టలేదక్కా."

"ఊరుకోరా. విన్నాం కదా."

"నా చేతులెక్కడున్నాయో చూశావుగా. ట్రాక్టర్ రాకముందే అతుక్కుపోయాయి."

గాలి ఒక్కసారి హోరుమని తగ్గింది. బక్ నెమ్మదిగా గిన్నె కింద పెట్టాడు.

"మరెవరు?" అంది ట్రూడీ.

వెండెల్ పరుపు కప్పిన కన్నం వైపు చూశాడు. గుసగుసగా చెప్పాడు.

"పక్కనే ఉన్నాడు. చీకట్లో. మొహం చూడలేదు... చూడాలనిపించలేదు. నేను అరిచి అరిచి గొంతు పోయాక మొదలెట్టాడు. నా కోసమే కొడుతున్నాడక్కా. వాడు కొట్టేవాడు, నువ్వు తన్నేదానివి. నువ్వు తన్నగానే ఆపేసేవాడు. ఆపేసి, ఊపిరి వదిలేవాడు..."

"ఎలా?"

"హమ్మయ్య అన్నట్టు. విన్నారు, ఇంక వచ్చేస్తారు అన్నట్టు. ఎదురుచూసేవాడు. ఎవరూ రాకపోతే మళ్లీ కొట్టేవాడు."

మూడేళ్లుగా ఆ ట్రైలర్లో ఎంతమంది తన్నారో, ఎన్ని రాత్రులు తన్నారో ట్రూడీకి లెక్క తెలియదు. అన్ని రాత్రులూ డ్వైట్ భయపడి ఆగాడనుకున్నారు.

బక్ కుర్చీలో కూలబడ్డాడు. కొరికిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని దాన్నే చూస్తున్నాడు.

"ఆ రోజు నేనిక్కడే ఉన్నాను" అన్నాడు. "లైల్ పేకాటకి పిలిచాడు. డ్వైట్ ఏడిరా అంటే తుఫానుకి ముందే ఊరెళ్లాడన్నాడు. ఆడుతుంటే కింద నుంచి చప్పుడు. మూడూ, రెండూ. ఏమిట్రా అంటే ఎలుకలు అన్నాడు. నేను నవ్వి... మడమతో తన్నాను. మూడుసార్లు. ఆగిపోయింది. చూశావా, మీ ఎలుకలకి భయం నేర్పాను అన్నాను. మళ్లీ పేకలు పంచుకున్నాం."

ట్రూడీ వెండెల్ మీద దుప్పటి పైకి లాగింది.

"ఏప్రిల్లో గడ్డి తీసిన రోజున అర్థమైంది నాకు. ఎవరికీ చెప్పలేదు. వచ్చినవాళ్లందరికీ తన్నమని మాత్రం నేర్పాను. నేనొక్కణ్ణే తన్నినవాణ్ణి కాకూడదని కాబోలు."

పరుపు కింద నుంచి, అప్పుడు —

ఠంగ్... ఠంగ్... ఠంగ్.

ఠంగ్ ఠంగ్.

మూడేళ్ల అలవాటు. బక్ మడమ దానంతటదే లేచింది. ట్రూడీ ముందుకు పడి రెండు చేతులా ఆ కాలు పట్టేసుకుంది. బక్ వొంగి ఆమె చేతులు విడిపించుకున్నాడు, మెల్లిగా. గునపం తీసుకున్నాడు. విరిగిన భుజం ఎముకతో, అరిగిన మోకాళ్లతో, ఆ తుఫానులోకి వెళ్లిపోయాడు.

తెల్లవార్లూ మంచు పగలగొడుతున్న చప్పుడు వినబడుతూనే ఉంది. రెండుసార్లు ట్రూడీ వెళ్లి లోపలికి రమ్మంది. "వస్తున్నానని వాడికి చెప్పుకున్నాను" అని మళ్లీ గునపం ఎత్తాడు. తెల్లారుతుండగా గాలి పడిపోయింది. బక్ గడ్డి మోపు పక్కకి లాగేశాడు. సందు తెరుచుకుంది. టార్చి వేసి చూశాడు. లోపల ఎవరూ లేరు. చట్రం మీద మాత్రం ఒకచోట, తుప్పు రాలిపోయి, ఇనుము కొత్తగా మెరుస్తోంది.

కాఫీ తాగడానికి లోపలికి వచ్చాడు. పది నిమిషాలు కూడా కూర్చోలేదు. మధ్యాహ్నం రోడ్డు తెరిస్తే వెండెల్‌ని ఆసుపత్రికి ఎలా తీసుకెళ్లాలో మాట్లాడుకున్నారు. వాడికి రెండు వేళ్లు పోతాయని అప్పటికే తెలిసిపోయింది. ప్రాణం ఉంది, అది చాలంది ట్రూడీ. బక్‌ని సాగనంపడానికి మెట్లు దిగి, ట్రైలర్ అవతలి వైపు దాకా వచ్చింది.

రాత్రంతా పడ్డ మంచు అంతటా నున్నగా పరుచుకుని ఉంది. సందు ముందు మాత్రం బక్ అడుగులే కాక ఇంకోటి కూడా ఉంది.

సందులోంచి ఒక జాడ బయటికి వచ్చింది. అడుగులు కావు. నడుం పడిపోయిన మనిషి మోచేతుల మీద ఈడ్చుకుంటూ వెళ్లిన గాడి. వెండెల్ ఆ సందులోంచి రాలేదు, నేల కన్నంలోంచి వచ్చాడు. లోపలికి వెళ్లిన జాడ లేదు. బయటికి వచ్చింది ఒక్కటే ఉంది.

అది రోడ్డు వైపు పోలేదు. నేరుగా ఎనిమిదో నంబరు మెట్ల దాకా వెళ్లి, మెట్ల మీద మంచు చెరుపుకుంటూ ఎక్కి, తలుపు దగ్గర ఆగింది.

బక్ ఆ జాడ పక్కనే, దాన్ని తొక్కకుండా, నడిచాడు. ట్రూడీ వెనకే వెళ్లింది. పట్టుకుని ఆపాలనుకుంది గానీ చెయ్యి లేవలేదు. బక్ తలుపు ముందు నిలబడి పిడి మీద చెయ్యి వేశాడు.

తలుపు మీద చప్పుడైంది. లోపలి వైపు నుంచి.

మూడు... ఆగి, రెండు.

బక్ టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. మడమ ఎత్తలేదు.

"విన్నాను డ్వైట్" అన్నాడు. "వచ్చాను."

అని తలుపు తీసుకుని లోపలికి వెళ్లాడు.